అంతర్జాతీయ ఉగ్రవాదం: కారణాలు, సభ్యులను చేర్చుకునే పద్ధతులు, నివారణ చర్యలు

(పాత్రికేయులు, ప్రభుత్వాధికారుల ఉపయోగార్థం సమాచార వ్యాసం)

ఉగ్రవాద దాడి జరిగిన రోజున ప్రజల దృష్టి, ప్రభుత్వ యంత్రాంగం దృష్టి సహజంగానే మృతులు, క్షతగాత్రులు, నిందితుల ఆచూకీపై నిలుస్తాయి. అయితే ప్రతి దాడి వెనుక నెలల, ఒక్కొక్కసారి సంవత్సరాల పూర్వచరిత్ర ఉంటుంది. ఆ కాలంలో ఒక వ్యక్తి మరొక వ్యక్తికి పరిచయమవుతాడు, నమ్మకం కుదురుతుంది, డబ్బు చేతులు మారుతుంది, ప్రయాణాలు జరుగుతాయి. దాడిని నివారించే అవకాశం అధికంగా ఉండేది ఈ దశలోనే. అంతర్జాతీయ ఉగ్రవాదానికి దారితీసే కారణాలను, ఉగ్రవాద సంస్థలు కొత్తవారిని చేర్చుకునే పద్ధతులను, వాటిని అరికట్టడానికి ఐక్యరాజ్యసమితి, భారతదేశం, తెలుగు రాష్ట్రాలు చేసిన ప్రయత్నాలను, ఆ ప్రయత్నాల్లో బయటపడిన లోపాలను ఈ వ్యాసం వివరిస్తుంది.

నిర్వచనం

ఒక దేశంలో పథకం రూపొందించి, మరొక దేశంలో నిధులు సమకూర్చుకొని, మూడవ దేశంలో సామాన్య ప్రజలపై దాడి జరపడం అంతర్జాతీయ ఉగ్రవాదపు ప్రధాన లక్షణం. దీనిని చట్టపరంగా నిర్వచించే ప్రయత్నం కొత్తది కాదు. 1934లో ఫ్రాన్సులోని మార్సెయ్ నగరంలో యుగోస్లావియా రాజు అలెగ్జాండర్ హత్యకు గురైన తరువాత, నానాజాతి సమితి ఆధ్వర్యంలో 1937లో ఉగ్రవాద నివారణ ఒప్పందం రూపొందింది. దానిపై 24 దేశాలు సంతకాలు చేసినా, ధ్రువీకరించినది నాటి భారతదేశం ఒక్కటే. ఫలితంగా ఆ ఒప్పందం అమలులోకి రాలేదు.

సమగ్ర అంతర్జాతీయ ఉగ్రవాద నిరోధక ఒప్పందాన్ని ఐక్యరాజ్యసమితిలో భారతదేశం 1996లో ప్రతిపాదించింది. స్వాతంత్ర్య పోరాటాలను, దేశాల సాయుధ దళాల చర్యలను నిర్వచనంలో ఎట్లా పరిగణించాలన్న విషయంలో సభ్యదేశాల మధ్య ఏకాభిప్రాయం కుదరక ఆ ప్రతిపాదన నేటికీ ఆమోదం పొందలేదు. విమానాల హైజాకింగ్, బందీల నిర్బంధం, బాంబు దాడులు, నిధుల సరఫరా వంటి నిర్దిష్ట నేరాలపై మాత్రం 19 అంతర్జాతీయ ఒప్పంద పత్రాలు ఉన్నాయి. ప్రజలను భయభ్రాంతులను చేయడానికి గాని, ఒక ప్రభుత్వాన్ని నిర్బంధపెట్టడానికి గాని పౌరుల ప్రాణాలు తీసే చర్యలు ఏ రాజకీయ, మత, జాతి కారణంతోనూ సమర్థనీయం కావని భద్రతా మండలి 2004లో ఆమోదించిన 1566వ తీర్మానం స్పష్టం చేసింది. మన దేశంలో చట్టవ్యతిరేక కార్యకలాపాల నివారణ చట్టం, 1967లోని 15వ సెక్షను, 2024 జులై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ న్యాయ సంహితలోని 113వ సెక్షను ఉగ్రవాద చర్యను నిర్వచిస్తున్నాయి.

తెలుగు పత్రికా భాషలో ‘ఉగ్రవాదం’, ‘తీవ్రవాదం’ అనే పదాలు చాలాకాలంగా ఒకదానికి బదులు ఒకటి వాడుకలో ఉన్నాయి. తీవ్రమైన అభిప్రాయం కలిగి ఉండటం వేరు, ఆ అభిప్రాయం కోసం హింసకు పాల్పడటం వేరు. మొదటిది ఆలోచన, రెండవది నేరం. నివారణ చర్యలను చర్చించేటప్పుడు ఈ తేడాను గుర్తుంచుకోవడం అవసరం.

కారణాలు

ఉగ్రవాదానికి ఒకే కారణాన్ని చూపే వివరణ ఏదీ పరిశీలనకు నిలవలేదు. రాజకీయ అసంతృప్తి, ఆక్రమణ లేదా వివక్ష జరిగిందన్న భావన, మతం పేరిట గాని జాతి పేరిట గాని ద్వేషాన్ని బోధించే సిద్ధాంతాలు, పొరుగు దేశాన్ని బలహీనపరచడానికి ఉగ్రవాదాన్ని సాధనంగా వాడుకునే రాజ్య విధానం, ప్రభుత్వ అధికారం చెల్లని ప్రాంతాలు ఆశ్రయంగా దొరకడం - ఇవన్నీ వేరువేరు పాళ్లలో కలిసి పనిచేస్తాయి.

పేదరికమే మూలమన్న అభిప్రాయం విస్తృతంగా ఉంది. వాస్తవాలు దీనిని పూర్తిగా సమర్థించడం లేదు. 1995 మార్చి 20న టోక్యో భూగర్భ రైళ్లలో సారిన్ విషవాయువు వదిలిన ఓం షిన్‌రిక్యో వర్గంలో విజ్ఞానశాస్త్ర పట్టభద్రులు, వైద్యులు ఉన్నారు. 2001 సెప్టెంబరు 11న అమెరికాలో దాదాపు 3 వేల మందిని బలిగొన్న దాడులకు నాయకత్వం వహించిన మహమ్మద్ అట్టా ఈజిప్టులో న్యాయవాది కుమారుడు, జర్మనీలో పట్టణ ప్రణాళిక అభ్యసించిన విద్యార్థి. 2019 ఏప్రిల్ 21న శ్రీలంకలో ఈస్టర్ ప్రార్థనల వేళ చర్చీలపై, హోటళ్లపై దాడులు జరిపి 250 మందికి పైగా ప్రాణాలు తీసినవారిలో సంపన్న సుగంధద్రవ్యాల వ్యాపారి కుమారులిద్దరు ఉన్నారు. ఆర్థికవేత్త అలన్ క్రూగర్ 2007లో వెలువరించిన గ్రంథంలో పేదరికానికి, ఉగ్రవాదానికి మధ్య నేరుగా సంబంధం లేదని వాదించారు.

అట్లని ఆర్థిక పరిస్థితుల ప్రభావం ఎక్కడా లేదని చెప్పడమూ సరికాదు. ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం ఆఫ్రికాలో ఉగ్రవాద సంస్థల మాజీ సభ్యులతో ముఖాముఖి మాట్లాడి రెండు నివేదికలు ప్రచురించింది. 2023 నివేదిక ప్రకారం స్వచ్ఛందంగా చేరినవారిలో 25 శాతం మంది ఉపాధినే ప్రధాన కారణంగా చెప్పగా, మతాన్ని ప్రధాన కారణంగా చెప్పినవారు 17 శాతం. 2017 నివేదికలోని మరొక అంశం ప్రతి అధికారీ గమనించదగినది. సంస్థలో చేరడానికి తమను చివరిగా పురికొల్పినది ప్రభుత్వ చర్యేనని, అనగా కుటుంబ సభ్యుని లేదా మిత్రుని మరణం, అరెస్టు వంటి ఘటనలని, 71 శాతం మంది తెలిపారు. మత గ్రంథాల గురించి తమకు ఏమీ తెలియదని గాని, తెలిసినది అత్యల్పమని గాని అంగీకరించినవారు 57 శాతం.

దీర్ఘకాలిక అసంతృప్తి లక్షలాది మందిలో ఉంటుంది. వారిలో అత్యధికులు ఎన్నడూ హింస వైపు చూడరు. ఒక వ్యక్తి గీత దాటడానికి సాధారణంగా మూడు అంశాలు కలిసిరావాలి: మనసులో మానని గాయం, ఆ గాయానికి ఒక శత్రువును చూపే కథనం, చేయిపట్టి తీసుకువెళ్లే మనిషి. మొదటి రెండూ ఉన్నా మూడవది లేనిచోట ఉగ్రవాద సంస్థ ఏర్పడటం కష్టం. అందుకే సభ్యులను చేర్చుకునే పద్ధతుల పరిశీలన నివారణకు కీలకం.

సభ్యులను చేర్చుకునే పద్ధతులు

1. స్నేహం, బంధుత్వం: అల్ ఖైదాతో సంబంధమున్న వారి జీవిత వివరాలను పరిశీలించిన మనోవైద్యుడు మార్క్ సేజ్‌మన్ 2004లో ప్రచురించిన గ్రంథంలో, చాలామంది సిద్ధాంతం కంటే ముందు స్నేహం ద్వారా, బంధుత్వం ద్వారా ఈ మార్గంలోకి వచ్చారని నిర్ధారించారు. జర్మనీలోని హాంబర్గ్ బృందం ఇందుకు ఉదాహరణ. విదేశంలో ఒంటరితనం అనుభవిస్తున్న విద్యార్థులు ముందుగా మిత్రులయ్యారు, ఒకరి అభిప్రాయాలను ఒకరు బలపరచుకున్నారు, ఆ తరువాతనే అఫ్ఘానిస్థాన్ వెళ్లి సంస్థలో చేరారు.

2. సేవ ముసుగులో బహిరంగ సమీకరణ: 2008 నవంబరు 26న కరాచీ నుంచి సముద్రమార్గంలో ముంబయి చేరిన పదిమంది లష్కరే తోయిబా ముష్కరులు 166 మందిని బలిగొన్నారు. వారిలో ప్రాణాలతో పట్టుబడిన ఏకైక వ్యక్తి అజ్మల్ కసబ్ పాకిస్థాన్‌లోని ఫరీద్‌కోట్ గ్రామానికి చెందినవాడు. ప్రాథమిక పాఠశాల దశలోనే చదువు మాని, ఇల్లు విడిచి కూలిపనులు చేసుకున్న యువకుడు. దోపిడీలు చేయడానికి ఆయుధాల కోసం వెతుకుతూ రావల్పిండిలోని లష్కరే కార్యాలయానికి చేరినట్లు అతని వాంగ్మూలం తెలుపుతోంది. అక్కడ మతబోధతో మొదలైన శిక్షణ, తరువాత ఆయుధాల వాడకంగా, చివరకు సముద్ర ప్రయాణ శిక్షణగా విడతలవారీగా సాగింది. ప్రతి విడతలోనూ కొందరిని వడపోసి మిగిలినవారిని పైమెట్టుకు చేర్చారు. ధర్మకార్యాల పేరిట నడిచే బహిరంగ కార్యాలయాలు, వాటిని చూసీచూడనట్లు వదిలివేసే ప్రభుత్వ వ్యవస్థ ఉన్నచోట సంస్థ యువకులను వెతుక్కుంటూ వెళ్లవలసిన అవసరం లేదు. యువకులే తలుపు తట్టుతారు.

3. జైళ్లు, నిర్బంధ శిబిరాలు: ఐసిస్ అధినేతగా పేరుపొందిన అబూ బకర్ అల్ బాగ్దాదీ 2004లో ఇరాక్‌లోని అమెరికా సైనిక నిర్బంధ శిబిరం బుక్కాలో ఉన్నాడు. చిన్న నేరగాళ్లను, సాధారణ అనుమానితులను కరడుగట్టిన ఉగ్రవాదులతో కలిపి ఉంచినప్పుడు నిర్బంధ శిబిరమే పరిచయాల కేంద్రంగా మారుతుంది.

4. బలవంతపు చేరిక: 1991 మే 21న శ్రీపెరంబుదూరులో మాజీ ప్రధాని రాజీవ్ గాంధీని హతమార్చిన ఎల్‌టీటీఈ, శ్రీలంక ఉత్తర, తూర్పు ప్రాంతాల్లో బాలబాలికలను సైతం తన దళాల్లో చేర్చుకుంది. ఇటువంటి చోట చేరినవారిలో నేరస్థుడెవరు, బాధితుడెవరు అన్న ప్రశ్నకు సులభమైన సమాధానం ఉండదు.

5. అంతర్జాలం: 2014 జూన్‌లో మోసుల్ నగరాన్ని ఆక్రమించిన ఐసిస్, సామాజిక మాధ్యమాలను మునుపెన్నడూ లేని స్థాయిలో వినియోగించింది. దాదాపు 110 దేశాల నుంచి 40 వేల మందికి పైగా ఆ సంస్థ యుద్ధభూమికి చేరినట్లు ఐక్యరాజ్యసమితి అంచనా. ఈ పద్ధతిలో కొన్ని మెట్లు స్థిరంగా కనిపిస్తాయి. మొదట అందరికీ కనిపించే వేదికపై హృదయాన్ని కలచివేసే దృశ్యాలు ఉంచుతారు. వాటికి స్పందించినవారితో విడిగా సంభాషణ మొదలుపెడతారు. క్రమంగా రహస్య సందేశాల యాప్‌కు మారుస్తారు. కుటుంబం నుంచి, పాత మిత్రుల నుంచి దూరం చేస్తారు. చివరగా ఒక చిన్న పని అప్పగిస్తారు: కొంత డబ్బు పంపడం, ఒక సిమ్ కార్డు సంపాదించడం, ఒక ప్రదేశాన్ని ఫొటో తీయడం. ఆ చిన్న పని చేసినవాడు తాను ఇక వెనక్కి రాలేనని భావిస్తాడు.

ఈ ధోరణి ఒక మతానికి గాని, ఒక ప్రాంతానికి గాని పరిమితం కాదు. 2011 జులై 22న నార్వేలో 77 మందిని, 2019 మార్చి 15న న్యూజిలాండ్‌లోని క్రైస్ట్‌చర్చ్ మసీదుల్లో 51 మందిని హతమార్చినవారు శ్వేతజాతి ఆధిక్య, ముస్లిం వ్యతిరేక భావజాలంతో ఒంటరిగా దాడులు జరిపారు. క్రైస్ట్‌చర్చ్ మృతుల్లో హైదరాబాదు, కరీంనగర్‌లకు చెందినవారు కూడా ఉన్నారు.

నిధులు

దాడికి అయ్యే ఖర్చు తక్కువ, సంస్థను నడపడానికి అయ్యే ఖర్చు ఎక్కువ. 2001 సెప్టెంబరు దాడుల మొత్తం వ్యయం 4 లక్షల నుంచి 5 లక్షల డాలర్ల మధ్య ఉంటుందని అమెరికా విచారణ సంఘం 2004లో తేల్చింది. విరాళాలు, హవాలా, మాదకద్రవ్యాల రవాణా, అపహరణ సొమ్ము, నకిలీ కరెన్సీ, ప్రవాసుల నుంచి వసూళ్లు ప్రధాన మార్గాలు. 1999 నాటి అంతర్జాతీయ ఒప్పందం ఉగ్రవాదానికి నిధులు సమకూర్చడాన్ని ప్రత్యేక నేరంగా పరిగణించింది. ఆర్థిక చర్యల కార్యదళం (ఎఫ్ఏటీఎఫ్) 2001లో ఈ అంశాన్ని తన పరిధిలోకి తీసుకుంది. భారతదేశం 2010లో అందులో సభ్యత్వం పొందింది. నిధుల నియంత్రణలో లోపాల కారణంగా పాకిస్థాన్ 2018 జూన్ నుంచి 2022 అక్టోబరు వరకు ఆ సంస్థ అదనపు పర్యవేక్షణ జాబితాలో కొనసాగింది.

అంతర్జాతీయ చర్యలు

1999లో ఆమోదించిన 1267వ తీర్మానం ద్వారా తాలిబన్లపై ప్రారంభమైన ఆంక్షల వ్యవస్థ తరువాత అల్ ఖైదాకు, ఐసిస్‌కు విస్తరించింది. 2001 సెప్టెంబరు 28 నాటి 1373వ తీర్మానం నిధులను స్తంభింపజేయడం, ఆశ్రయం నిరాకరించడం, సమాచారం ఇచ్చిపుచ్చుకోవడం అన్ని సభ్యదేశాల బాధ్యతగా నిర్దేశించింది. విదేశీ యుద్ధభూములకు వెళ్లేవారిని అడ్డుకోవాలని 2014 నాటి 2178వ తీర్మానం కోరింది. 2006 సెప్టెంబరు 8న సర్వప్రతినిధి సభ ఆమోదించిన ప్రపంచ ఉగ్రవాద నిరోధక వ్యూహానికి నాలుగు మూలస్తంభాలు: ఉగ్రవాద వ్యాప్తికి దోహదపడే పరిస్థితులను చక్కదిద్దడం, ఉగ్రవాదాన్ని నిరోధించి ఎదుర్కోవడం, దేశాల సామర్థ్యాన్ని పెంచడం, మానవ హక్కులను, చట్టబద్ధ పాలనను కాపాడటం. నాలుగవ స్తంభం మిగిలిన మూడింటికీ పునాది అని ఆ పత్రం పేర్కొంటోంది. భద్రతా మండలి ఉగ్రవాద నిరోధక కమిటీ 2022 అక్టోబరులో ముంబయి, ఢిల్లీలలో సమావేశమై కొత్త సాంకేతిక సాధనాల దుర్వినియోగంపై ఢిల్లీ ప్రకటనను ఆమోదించింది.

సమాచారం ఉండటం ఒక ఎత్తు, దానిపై సకాలంలో స్పందించడం మరొక ఎత్తు. 1985 జూన్ 23న ఎయిరిండియా కనిష్క విమానం ఐర్లండ్ తీరానికి సమీపంలో పేలిపోయి 329 మంది మరణించారు. కెనడా విచారణ సంఘం 2010లో ఇచ్చిన నివేదిక, గూఢచార సంస్థకు, పోలీసులకు మధ్య సమాచార వినిమయం లోపించిందని తప్పుపట్టింది. శ్రీలంక ఈస్టర్ దాడులకు ముందు భారతదేశం నుంచి హెచ్చరికలు అందాయి. దాడుల సూత్రధారి గురించి స్థానిక ముస్లిం ప్రముఖులు అంతకు ముందే అధికారులకు ఫిర్యాదు చేశారు. హెచ్చరికలపై తగు చర్య తీసుకోలేదంటూ ఆ దేశ సుప్రీంకోర్టు 2023 జనవరిలో మాజీ అధ్యక్షుడు మైత్రిపాల సిరిసేన సహా పలువురు అధికారులు బాధితులకు పరిహారం చెల్లించాలని ఆదేశించింది.

భారతదేశంలో చట్టాలు, సంస్థలు

టాడా చట్టం 1995లో గడువు ముగిసి ఆగిపోగా, 2002 నాటి పోటా చట్టం 2004లో రద్దయింది. రెండింటిపైనా దుర్వినియోగ ఆరోపణలు వచ్చాయి. అటు తరువాత చట్టవ్యతిరేక కార్యకలాపాల నివారణ చట్టాన్నే 2004, 2008, 2012, 2019 సంవత్సరాల్లో సవరించి ఉగ్రవాద నేరాలను అందులో చేర్చారు. వ్యక్తులను సైతం ఉగ్రవాదులుగా ప్రకటించే అధికారం 2019 సవరణతో కేంద్రానికి లభించింది. ముంబయి దాడుల అనంతరం 2008 డిసెంబరులో జాతీయ దర్యాప్తు సంస్థ (ఎన్ఐఏ) చట్టం వచ్చింది. 2009లో జాతీయ భద్రతా దళం ప్రాంతీయ కేంద్రాల్లో ఒకటి హైదరాబాదులో ఏర్పాటైంది. 2025 ఏప్రిల్ 22న పహల్గాంలో 26 మంది ప్రాణాలు బలిగొన్న దాడి, సరిహద్దు దాటి వచ్చే ఉగ్రవాద ముప్పు తొలగలేదని మరొకసారి చాటింది.

తెలుగు రాష్ట్రాల అనుభవం

2007 మే 18న మక్కా మసీదులో జరిగిన పేలుడులో 9 మంది, అనంతరం పోలీసు కాల్పుల్లో 5 గురు మరణించారు. అదే సంవత్సరం ఆగస్టు 25న లుంబినీ పార్కు, గోకుల్ చాట్ పేలుళ్లలో 40 మందికి పైగా అసువులు బాశారు. ఉగ్రవాద నిరోధానికి ప్రత్యేకించిన ఆక్టోపస్ విభాగాన్ని ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆ ఏడాదే నెలకొల్పింది. 2013 ఫిబ్రవరి 21న దిల్‌సుఖ్‌నగర్‌లో జంట పేలుళ్లు జరిగాయి.

ఈ మూడు కేసుల్లో తీర్పులు వేర్వేరు విధాలుగా వచ్చాయి. గోకుల్ చాట్, లుంబినీ కేసులో 2018 సెప్టెంబరులో ప్రత్యేక న్యాయస్థానం ఇద్దరికి మరణశిక్ష, ఒకరికి యావజ్జీవ శిక్ష విధించింది. దిల్‌సుఖ్‌నగర్ కేసులో ఐదుగురికి 2016లో పడిన మరణశిక్షలను తెలంగాణ హైకోర్టు 2025 ఏప్రిల్‌లో ధ్రువీకరించింది. మక్కా మసీదు కేసులో విచారణ ఎదుర్కొన్న ఐదుగురూ 2018 ఏప్రిల్‌లో నిర్దోషులుగా విడుదలయ్యారు. అంతకుముందు, 2007లో ఆ పేలుడు దరిమిలా పలువురు ముస్లిం యువకులను నిర్బంధించగా వారిపై ఆరోపణలు నిలువలేదు. జాతీయ మైనారిటీల కమిషన్ సిఫారసు మేరకు రాష్ట్ర ప్రభుత్వం వారికి పరిహారం చెల్లించింది. ఆ పరిహార ఉత్తర్వును హైకోర్టు 2013లో కొట్టివేసింది. పేలుడులో ఆప్తులను కోల్పోయిన కుటుంబాలకు దోషి ఎవరన్న ప్రశ్నకు న్యాయస్థానంలో సమాధానం దొరకలేదు. ఆధారం లేని అరెస్టు నిర్దోషికి అన్యాయం చేయడమేగాక, అసలు దోషికి కాలాన్ని ప్రసాదిస్తుంది, ఉగ్రవాద ప్రచారకునికి ఒక నిజమైన ఫిర్యాదును అందిస్తుంది.

నివారణలో మరొక అనుభవం 2014 నాటిది. ఐసిస్ వైపు ఆకర్షితులై దేశం దాటడానికి ప్రయత్నించిన హైదరాబాదు యువకులు కొందరిని పోలీసులు పశ్చిమ బెంగాల్‌లో అడ్డుకొని వెనక్కి తీసుకువచ్చారు. జైలుకు పంపకుండా కౌన్సెలింగ్ ఇచ్చి తల్లిదండ్రులకు అప్పగించారు. వారిలో ఒక యువకుడు 2015 డిసెంబరులో మరి ఇద్దరితో కలిసి నాగపూర్ విమానాశ్రయంలో మళ్లీ పట్టుబడ్డాడు. ఈ ఘటనను కౌన్సెలింగ్ విధానపు వైఫల్యంగా మాత్రమే చూడటం తొందరపాటు అవుతుంది. ఒకటి రెండు సమావేశాలతో సరిపెట్టకుండా చదువు, ఉపాధి, కుటుంబ పర్యవేక్షణతో కూడిన దీర్ఘకాలిక అనుసరణ అవసరమన్నది దీని పాఠం. డెన్మార్క్‌లోని ఆర్హుస్ నగరంలో పోలీసులు, పురపాలక సిబ్బంది, పాఠశాలలు కలిసి ఇటువంటి యువకులకు మార్గదర్శకులను నియమించే విధానాన్ని అనుసరించారు. శ్రీలంకలో 2009 తరువాత దాదాపు 12 వేల మంది ఎల్‌టీటీఈ మాజీ సభ్యులను పునరావాస కేంద్రాల ద్వారా సమాజంలోకి పంపారు.

బాధితులుగానూ తెలుగువారు ఈ ముప్పును చవిచూశారు. 2015 జులైలో లిబియాలోని సిర్తే ప్రాంతంలో అపహరణకు గురైన నలుగురు భారతీయ అధ్యాపకుల్లో ఇద్దరు తెలుగువారు. వారు 2016 సెప్టెంబరులో విడుదలయ్యే వరకు ఏడాదికి పైగా నిర్బంధంలో గడిపారు.

పాత్రికేయులు గమనించవలసిన అంశాలు

ఉగ్రవాదికి కావలసినది ప్రేక్షకులు. ముంబయి దాడుల సమయంలో భద్రతా దళాల కదలికలను టెలివిజన్ ఛానెళ్లు ప్రత్యక్షంగా ప్రసారం చేయగా, పాకిస్థాన్‌లోని సూత్రధారులు ఆ ప్రసారాలను చూస్తూ ఫోనులో ఆదేశాలు ఇచ్చారు. కసబ్ అప్పీలుపై 2012 ఆగస్టు 29న ఇచ్చిన తీర్పులో సుప్రీంకోర్టు ఈ ప్రసారాలను తీవ్రంగా ఆక్షేపించింది. ఉగ్రవాద నిరోధక చర్యల ప్రత్యక్ష ప్రసారాన్ని నిషేధిస్తూ కేబుల్ టెలివిజన్ నిబంధనలను కేంద్రం 2015లో సవరించింది. చర్య ముగిసే వరకు నియమిత అధికారి ఇచ్చే సమాచారానికే ప్రసారాలు పరిమితం కావాలన్నది నిబంధన.

క్రైస్ట్‌చర్చ్ హంతకుడు తన దాడిని అంతర్జాలంలో ప్రత్యక్షంగా చూపాడు. మొదటి 24 గంటల్లో ఫేస్‌బుక్ 15 లక్షల నకళ్లను తొలగించవలసి వచ్చింది. నాటి ప్రధాని జసిండా ఆర్డెర్న్ అతని పేరును తాను ఎన్నడూ ఉచ్చరించనని పార్లమెంటులో ప్రకటించారు. వార్త ఇవ్వడం పత్రికల విధి. ప్రచారం కల్పించడం వేరు. ఉగ్రవాదుల ప్రకటనలను యథాతథంగా ప్రచురించకపోవడం, దర్యాప్తులో తేలని పేర్లను దోషులుగా చూపకపోవడం, నిందితుని మతాన్ని శీర్షికకు ఎక్కించకపోవడం, నిర్దోషిగా విడుదలైనవారి వార్తకు అరెస్టు వార్తకిచ్చినంత చోటు ఇవ్వడం - ఈ నాలుగు జాగ్రత్తలు పత్రికా స్వేచ్ఛకు ఏ విధంగానూ అడ్డుకావు.

అధికారులు గమనించవలసిన అంశాలు

1. తమ బిడ్డలో మార్పు గమనించిన తల్లిదండ్రులు నిర్భయంగా వచ్చి చెప్పుకునే చోటు ఉండాలి. చెప్పగానే కేసు పెడతారన్న భయం ఉంటే ఎవరూ ముందుకు రారు. మొదటి సమాచారం సాధారణంగా ఇంటి నుంచి, కళాశాల నుంచి, ప్రార్థనా మందిరం నుంచి వస్తుంది.

2. అందిన ప్రతి హెచ్చరికపై ఎవరు, ఎప్పటిలోగా, ఏ చర్య తీసుకున్నారన్నది లిఖితపూర్వకంగా నమోదు కావాలి. కనిష్క, కొలంబో ఘటనల పాఠం ఇదే.

3. అద్దె ఇళ్లు, సిమ్ కార్డులు, పాత వాహనాల విక్రయం, పేలుడు పదార్థాల నిల్వల తనిఖీ నిత్యం జరగవలసిన పని. దాడి జరిగిన వారం రోజులకే దానిని పరిమితం చేయరాదు.

4. అరెస్టుకు ఆధారమే ప్రమాణం కావాలి. ఒక వర్గం మొత్తాన్ని అనుమానితులుగా చూసే చోట ఆ వర్గం నుంచి సమాచారం ఆగిపోతుంది.

5. జైళ్లలో ఉగ్రవాద కేసుల ఖైదీలను చిన్న నేరాల ఖైదీల నుంచి వేరుగా ఉంచాలి. విడుదలైనవారిని నిరంతరం గమనించడంతోపాటు వారికి బతుకుతెరువు చూపాలి.

6. బాధిత కుటుంబాలకు పరిహారం, వైద్యం, కేసు పురోగతిపై సమాచారం సకాలంలో అందాలి. సంవత్సరాల తరబడి కార్యాలయాల చుట్టూ తిరిగే పరిస్థితి ప్రభుత్వంపై నమ్మకాన్ని దెబ్బతీస్తుంది.

7. దాడి జరిగిన మొదటి గంటల్లో అధికార ప్రతినిధి ఒక్కరే మాట్లాడాలి. నిర్ధారణ కాని విషయాన్ని నిర్ధారణ కాలేదని స్పష్టంగా చెప్పడం వదంతులకు సరైన సమాధానం.

ఉగ్రవాదిగా మారే ప్రతి వ్యక్తినీ ముందుగా గుర్తించగలమని ఏ ప్రభుత్వమూ హామీ ఇవ్వలేదు. అయితే గాయపడిన మనసుకు, దానిని వాడుకోదలచిన సంస్థకు మధ్య కుటుంబం, ఉపాధ్యాయుడు, పొరుగువారు, పోలీసు ఠాణా, పత్రిక, న్యాయస్థానం ఉన్నాయి. వీటిలో ఏ ఒక్కటి విశ్వాసం కోల్పోయినా ఆ మేరకు ఉగ్రవాద సంస్థకు దారి సుగమమవుతుంది. ప్రజల నమ్మకాన్ని నిలబెట్టుకునే న్యాయబద్ధమైన పాలన, చట్టప్రకారం సాగే దర్యాప్తు, సంయమనం గల సమాచార వ్యవస్థ భద్రతా దళాల పనికి ప్రత్యామ్నాయాలు కావు. ఆ పని ఫలించడానికి అవసరమైన భూమికను సిద్ధం చేసేవి ఇవే.